తీసేయమన్న చప్పుడు

మొన్న ఆక్లాండ్ శివారు హాబ్సన్‌విల్‌లో మా ఇంటికి ఒలీవియా అని ఒకమ్మాయి వచ్చింది. నేను పదిహేడేళ్ళప్పుడు పాడిన ఫ్రెంచి ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేస్తామంటున్న కంపెనీలో పనిచేస్తుంది. గుమ్మం బయటే షూస్ విప్పింది, ఇచ్చిన టీ చల్లారకముందే తాగింది, మా వంటింటి ఇంగువ వాసనకి ముఖం చిట్లించలేదు. కాబట్టి మొదట్లో ఆ పిల్లంటే నాకు ఇష్టమే కలిగింది. తర్వాత లాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చి, "ఇప్పటి సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేశాం, వినండి" అంది. విన్నాను. గొంతు నాదే, గిటారు అదే, వెనకాల గ్యారేజీ రేకు మీద వాన కూడా అదే. కానీ రెండో చరణానికి వచ్చేసరికి నేను పాటలో ఎక్కడున్నానో నాకే తెలియలేదు. "ఏం తీసేశారు?" అని అడిగాను.

"వెనకాల తట్టినట్టు ఒక చప్పుడు ఉండేది కదా, మధ్యమధ్యలో గాజుల గలగల. గదిలో ఇంకెవరో ఉన్నట్టున్నారు. అప్పట్లో దాన్ని విడదీయడం కుదరలేదు. ఇప్పుడు కుదిరింది" అంది ఒలీవియా సంతోషంగా.

గదిలో ఉన్నది మా అమ్మమ్మ. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఫొటోలు ఉన్నాయి కానీ వీడియోలు లేవు, ఫోన్ ఎదురుగా పెడితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆవిడ నుంచి మిగిలిన చప్పుడంటూ ఏదైనా ఉంటే అది ఆ ఆల్బమ్‌లో తొడ మీద పడిన ఆ దెబ్బే. నేను ఊఁ అంటే చాలు, అది లేని పాట బయటికి వెళ్తుంది, పాతది ఎక్కడా దొరక్కుండా పోతుంది, కొత్తగా వినేవాళ్ళకి అదే అసలు పాట అయిపోతుంది. నేను ఊఁ అనలేదు. ఎందుకనలేదో గుక్కతిప్పుకోకుండా చెప్పబోయాను గానీ కోపమొస్తే నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలవుతుంది. అందుకే ఇక్కడ, తెలుగులో, తాపీగా చెబుతున్నాను.

మేం అప్పుడు ఆక్లాండ్‌కి దక్షిణాన ఉన్న హామిల్టన్‌లో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళప్పుడు కాకినాడ నుంచి వచ్చాం. నాన్న పాలు పితికే మెషీన్లు రిపేరు చేసే కంపెనీలో చేసేవాడు. ఏ డెయిరీ ఫారానికి వెళ్ళొచ్చినా ఆయన గమ్‌బూట్లు వెనక గుమ్మం దగ్గరే ఆగిపోయేవి, వాసన మాత్రం ఆయనతోపాటు లోపలికొచ్చి సోఫాలో కూర్చునేది. అమ్మ హాస్పిటల్లో నర్సు. షిఫ్టుల గోలలో ఆవిడ నిద్ర ఎప్పుడో, భోజనం ఎప్పుడో మాకు అంతుబట్టేది కాదు. ఇల్లు నడిపేది అమ్మమ్మ. తాతయ్య పోయాక వచ్చి మాతోనే ఉండిపోయింది. చీర మీద నాన్న పాత పఫర్ జాకెట్, కాళ్ళకి ఉన్ని సాక్స్, చేతికి రెండు బంగారు గాజులు. తాతయ్య పోయినప్పుడు ఆ గాజులు తీసెయ్యమన్నారట చుట్టాలు. "ఆయన పెట్టినవి కావు, పిల్లలకి పాఠాలు చెప్పి నేను చేయించుకున్నవి. ఆయనతో ఎందుకు పోతాయి?" అందట. మా ఇంట్లో మొండితనం ఎవరి సొత్తో వేరే చెప్పక్కర్లేదు.

ఈ దేశపు చలికి పిండి పులవదని మిగతా తెలుగువాళ్ళంతా ఫోన్లలో వాపోతుంటే, వచ్చిన వారంలోనే అమ్మమ్మ హాట్ వాటర్ కప్‌బోర్డ్ కనిపెట్టింది. వేడినీళ్ళ సిలిండర్ ఉండే ఆ అల్మరాలో కివీలు, అంటే ఈ దేశంవాళ్ళు, తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు. ఆవిడ ఇడ్లీపిండి గిన్నె పెట్టింది. తువ్వాళ్ళు కూడా అక్కడే ఉండేవి కాబట్టి మా ఇంట్లో స్నానం చేసినవాళ్ళందరూ పులిసిన పిండి వాసన వేసేవాళ్ళు. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుందని ఏడుస్తూ వస్తే, అమ్మమ్మ ఓదార్చలేదు. "దాని దగ్గర ఏం వాసనొస్తుందో నువ్వూ చెప్పు రేపు" అంది.

అమ్మమ్మ కాకినాడలో వీధి పిల్లలందరికీ సంగీతం చెప్పిన మనిషి. ఇక్కడ ఆవిడకి మిగిలిన శిష్యురాలిని నేనొక్కదాన్నే. పొద్దున్నే హీట్ పంప్ వేడిగాలి తగిలేచోట చాప వేసి కూర్చోబెట్టేది. తొడ మీద అరచేత్తో దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, ఇంకో దెబ్బ, ఇంకోసారి తిప్పడం. ఆది తాళం. అది పడుతుంటేనే నోరు విప్పాలి. తాళం తప్పితే తిట్టేది కాదు, తప్పకపోతే మెచ్చుకునేదీ కాదు. రెండిటికీ ఆవిడ దగ్గర ఒకటే మాట ఉండేది: "ఊఁ, మళ్ళీ." అలా నాకు తెలియకుండానే ఒక జబ్బు పట్టుకుంది. తొడ మీద ఆ దెబ్బ పడకపోతే నా గొంతు పెగిలేది కాదు.

నేను హైస్కూల్లో ఉండగా మా ఇంటికి సెలీన్ వచ్చింది. నూమియా పిల్ల. నూమియా అంటే న్యూ కాలెడోనియా దీవుల్లో ఊరు, ఆక్లాండ్‌లో విమానం ఎక్కి ఒక తెలుగు సినిమా చూస్తే దిగిపోవచ్చు, అక్కడ బళ్ళోనూ బజార్లోనూ ఫ్రెంచే. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్ని ఇళ్ళల్లో ఉంచుకునే పద్ధతి హామిల్టన్‌లో ఉండేది. కివీ ఇంట్లో ఉండి ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చిన ఆ పిల్లని స్కూలువాళ్ళు మా ఇంట్లో పడేశారు. అమ్మమ్మ ఆమెకి శైలూ అని పేరు పెట్టి, మొదటి రోజే పెసరట్టు తినిపించి, రెండో వారానికి బీరకాయలు చెక్కు తీయించడం మొదలుపెట్టింది. సెలీన్ ఇంగ్లీషు ఎంత నేర్చుకుందో తెలియదు గానీ నేను మాత్రం ఏడాది తిరిగేసరికి ఫ్రెంచిలో పోట్లాడే స్థాయికి వచ్చాను.

ఎందుకు ఫ్రెంచి అని ఇప్పటికీ అడుగుతారు. నా జవాబు మారలేదు. ఇంగ్లీషు మాట్లాడితే స్కూల్లో నా యాసని సరిచేసేవాళ్ళు. తెలుగు మాట్లాడితే వారాంతం ఫంక్షన్లలో ఆంటీలు నవ్వేవాళ్ళు, "పాపం, ఇక్కడ పెరిగింది కదా" అనేవాళ్ళు. రెండు భాషల్లోనూ నేను పరీక్ష రాస్తున్నట్టే ఉండేది. ఫ్రెంచిలో నన్ను దిద్దడానికి సెలీన్ ఒక్కతే ఉంది, ఆమె కూడా దిద్దకుండా పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ భాషలో నేను ఎవరి కూతుర్నీ కాదు, ఎక్కణ్ణుంచీ వలస వచ్చినదాన్నీ కాదు. హామిల్టన్ చలికాలంలో ఎన్నాళ్ళైనా ఆరని బట్టల మీద ఒక పాట రాశాను. బస్టాపు మీద ఒకటి, నాన్న బూట్ల మీద ఒకటి. సెలీన్ గిటారు వాయించేది. ఇవి తెలుగులో రాస్తే నన్ను చూసి జాలిపడేవాళ్ళు, ఇంగ్లీషులో రాస్తే మెచ్చుకుని భుజం తట్టేవాళ్ళు. నాకు రెండూ అక్కర్లేదు.

అమ్మమ్మకి ఇది నచ్చలేదు. "ముక్కుతో పాడే ఆ భాషేంటే? గొంతు ఉన్నది దేనికి?" అనేది. మేం వంటింట్లో పాడుకుంటుంటే గిన్నెలు కాస్త గట్టిగానే తోమేది. నేను పట్టించుకోలేదు. అయితే ఒకటి గమనించాను. పాడేటప్పుడు నా తాళం తప్పితే గిన్నెల చప్పుడు ఆగేది.

ఆల్బమ్ చేయించింది నాయుడు అంకుల్. ఆక్లాండ్ శాండ్రింగ్‌హామ్‌లో మేం సరుకులు కొనే కొట్టు ఆయనది. హామిల్టన్ నుంచి శనివారాలు కారులో వెళ్ళి కరివేపాకు, గోంగూర, బియ్యం మూటలు తెచ్చుకునేవాళ్ళం. ఫిజీలో పుట్టిన తెలుగాయన. చెరుకు తోటల్లో పనికి వెళ్ళిన ముత్తాతల నుంచి వచ్చిన తెలుగు భజనలు ఆయనకి లెక్కలేనన్ని వచ్చు, వాటిలో ఒక్క మాటకీ అర్థం తెలియదు. కొట్టు వెనక గ్యారేజీలో ఒక మంచి మైకు, ఒక కంప్యూటరు పెట్టుకుని తన భజన బృందం పాటలు రికార్డు చేసుకునేవాడు. నా పాటల సంగతి సెలీన్ ఆయనకి చెప్పింది. సరుకులు సర్దుకుంటూ అమ్మ అంది, "అర్థం కాని భాషలో పాడితే ఎవరు వింటారు నాయుడుగారూ? మీరైనా చెప్పండి." ఆయన నవ్వాడు. తెలుగు కూడబలుక్కుంటూ, "నేను అర్థం తెలీక పాడతాను అమ్మా. మా తాత పాడాడు, నేను పాడతా. నాదే కదా?" అన్నాడు. అమ్మ గోంగూర కట్ట తీసి సంచిలో పడేసింది.

గ్యారేజీలో మొదటి రోజు ఏమీ కుదరలేదు. హెడ్‌ఫోన్స్‌లో టిక్ టిక్ అని ఒక యంత్రం కొడుతుంది, దానికి కట్టుబడి పాడాలి అన్నాడు. ఆ టిక్కులన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది మొదలో, ఏది చివరో తెలియదు. పదే పదే జారిపోయాను. నా తొడ మీద నేనే కొట్టుకుందామంటే మైకు స్టాండు అడ్డం, చేతిలో పాట కాగితం. మూల కుర్చీలో జాకెట్ వేసుకుని ముడుచుకుని కూర్చున్న అమ్మమ్మ కాసేపు చూసింది. లేచి వచ్చి, నా పక్కనే ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. "ఆ పెట్టె ఆపించు" అంది. తొడ మీద ఒక దెబ్బ వేసింది. నేను పాడాను.

నాయుడు అంకుల్ నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, చెయ్యి మైకులో వస్తోంది" అన్నాడు. దుప్పటి మడిచి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ తీసి పక్కన పడేసింది. గాజులైనా తీయమన్నాడు. ఆవిడ ఆయన వంక చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చలికాలం శనివారాలన్నీ అలాగే గడిచాయి. చప్పుడొస్తుందని హీటరు ఆపేసేవాళ్ళం, పాట పాటకీ నడుమ అమ్మమ్మ ఫ్లాస్కులో కాఫీ తిరిగేది. ప్రతి పాట చివరా ఆవిడ అనేది అదే, "ఊఁ, మళ్ళీ." నేను హెడ్‌ఫోన్స్‌లో మునిగిపోయి ఉండేదాన్ని, నాకు ఆవిడ చెయ్యి కనిపించేది తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

తయారైన పాటల్ని ఆక్లాండ్‌లో ఒక పెద్దమనిషికి వినిపించాం. సంగీతం అమ్మే వ్యాపారం ఆయనది. గొంతు బాగుందన్నాడు. ఇంగ్లీషులో తిరగరాయమన్నాడు, అది వద్దంటే పోనీ ఫ్రెంచిలోనే ఉంచుదాం గానీ ఆ చప్పట్లు తప్పుచోట పడుతున్నాయి, అవి లేకుండా మళ్ళీ పాడమన్నాడు. పాప్ పాటలో చప్పట్లు ఎక్కడ పడాలో టేబుల్ మీద కొట్టి చూపించాడు కూడా. అది తప్పుచోటు కాదని, అంతకు ముందు పుట్టిన లెక్క అని చెప్పాను. ఆయన నవ్వి, బాగా ఆలోచించుకోమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ బతిమాలింది. "పెద్దవాళ్ళు చెప్తున్నారు కదా, కాస్త సర్దుకుపోవే. అమ్మమ్మ ఏమీ అనుకోదు." వెనక సీట్లోంచి అమ్మమ్మ, "నేను అనుకుంటాను" అంది. ఇల్లు చేరగానే నేను ఆయనకి ఫోన్ చేసి వద్దన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆ వయసులో నాకు అది ధైర్యంలా అనిపించలేదు.

సెలీన్ ఇంటికి వెళ్తూ పాటలు తీసుకెళ్ళింది. నూమియా రేడియోలో పనిచేసే ఆమె పెదనాన్న కూతురు ఒక పొద్దున 'తడి బట్టలు' పాట వేసింది. మళ్ళీ వెయ్యమని ఫోన్లు వచ్చాయట. చూస్తుండగానే ఆ దీవుల్లో పెళ్ళిళ్ళలో, బస్సుల్లో అదే పాట. అక్కణ్ణుంచి తహితి దీవికి పాకింది, తర్వాత ఫ్రాన్స్ దాకా వెళ్ళింది. మా ఇంట్లో మాత్రం నాన్న బూట్లు గుమ్మం దగ్గర, పిండి కప్‌బోర్డులో, ఏమీ మారలేదు. స్కూలు సెలవుల్లో నన్ను నూమియాకి పిలిచారు. హాలు నిండా జనం. పాట మొదలవగానే వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఒక దెబ్బ. ఆగారు. ఇంకో దెబ్బ. వెంటనే మూడోది. ఆక్లాండ్ పెద్దమనిషి తప్పన్నచోట, మా అమ్మమ్మ తొడ మీద పడ్డచోట, ఊరు ఊరంతా కొడుతోంది. నాకు కళ్ళు కనిపించలేదు, ఏడుస్తూనే పాడాను. సెలీన్ తన ఫోన్లో తీసి అమ్మకి పంపింది. ప్రయాణం పడదని ఇంట్లోనే ఉండిపోయిన అమ్మమ్మ అది చూసి ఏమందని ఇంటికొచ్చాక అడిగాను. "చివర్లో జనం తాళం పరిగెత్తించారు" అంది.

అప్పుడు మనవాళ్ళకి నేను గుర్తొచ్చాను. ఉగాదికి హామిల్టన్‌లో హాలు తీసుకుని శాలువా కప్పుతామన్నారు. స్టేజి ఎక్కబోతుంటే తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ అంకుల్ చెవిలో, "ముందు ఒక తెలుగు పాట పాడమ్మా. మన భాష మర్చిపోలేదని నలుగురికీ తెలియాలి కదా" అన్నాడు. నాకు తెలుగు పాటలు వచ్చు. రోజూ పొద్దున్నే పాడేవి అవే. కానీ ఆ నలుగురి ముందు రుజువు చూపించడానికి అవి నేర్చుకోలేదు. మైకు పుచ్చుకుని నాన్న బూట్ల పాట ఫ్రెంచిలో ఎత్తుకున్నాను. హాల్లో కుర్చీలు కదిలాయి, ఎవరో దగ్గారు. మొదటి వరసలో అమ్మమ్మ తాళం వెయ్యడం మొదలుపెట్టింది, గాజులు ఆ చివరకి వినిపించేలా. శాలువా మాత్రం కప్పారు. అమ్మమ్మ దాన్ని పిండిగిన్నె మీద కప్పింది.

ఇప్పుడు కాలం వేరు. ఇప్పటి పిల్లలు ఫోను ముందు పెట్టుకుని పొద్దున కొరియన్‌లో, సాయంత్రం స్పానిష్‌లో పాడతారు, ఏ భాషలో ఎందుకు పాడావని వాళ్ళని నిలదీసేవాళ్ళు లేరు. అందుకు నాకు సంతోషమే. కానీ అప్పటికంటే ఇప్పుడు పాటలు మరీ శుభ్రంగా ఉంటున్నాయి. ఎవరి ఇంట్లోనూ కుక్కరు కూయదు, ఎవరి అమ్మమ్మా దగ్గదు. తర్వాత నేను ఇంగ్లీషులో కూడా ఆల్బమ్‌లు చేశాను, మంచి స్టూడియోల్లో, గోడలకి మెత్తలు వేసిన గదుల్లో. వాటిని మళ్ళీ విడుదల చేస్తామని మాత్రం ఇంతవరకు ఎవరూ నా గుమ్మం ముందు షూస్ విప్పలేదు.

ఒలీవియా పాపం, నా ముఖం చూసి భయపడింది. "తీసేసింది పారేయలేదండి. సాఫ్ట్‌వేర్ దాన్ని వేరే ఫైలుగా పెడుతుంది. కావాలంటే వినండి" అంది. పాట లేదు, గిటారు లేదు. ముందు ఉత్త వాన. తర్వాత దెబ్బ. వేళ్ళు తొడ మీద ఆనడం కూడా వినిపించింది. గాజులు. స్టూలు కిర్రుమనడం. ఆ తర్వాత, దెబ్బల కింద, సన్నగా ఒక గొంతు.

అమ్మమ్మ పాడుతోంది. నాతోపాటు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఫ్రెంచిలో. నేను హెడ్‌ఫోన్స్ చెవులకి అడ్డం పెట్టుకుని పాడుతున్నంతసేపూ నా పక్కనే కూర్చుని ఆవిడ పాడింది. ముక్కుతో పాడాల్సినచోట చక్కగా ముక్కుతోనే పాడింది. గిన్నెలు తోముతూ, బీరకాయలు చెక్కుతీయిస్తూ శైలూ దగ్గర ఎప్పుడు నేర్చుకుందో, నాతో ఒక్కనాడూ అనలేదు. నేను మా వంటింట్లో కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఒలీవియాకి ఏం చెయ్యాలో తోచక నా టీ కప్పు నా దగ్గరికి జరిపింది.

ముఖం కడుక్కుని వచ్చాక చెప్పాను. ఇది తియ్యడానికి వీల్లేదు. ఉన్నదానికంటే పెంచాలి. అట్ట మీద నా పేరు పక్కన, నా పేరంత అక్షరాలతో, సుభద్రమ్మ అని రాయాలి. లేదా అసలు విడుదలే వద్దు. ఒలీవియా తల ఊపింది గానీ నమ్మకంగా లేదు. "మా బాస్ ఒప్పుకోరేమో. ఆ దెబ్బలు పాటకి అడ్డుపడుతున్నాయనే అంటారు. ఆయనకి నేనేం చెప్పాలి?"

"చెప్పకు. చేసి చూపించు" అన్నాను. కుర్చీ వెనక్కి జరిపి కూర్చోమన్నాను. పాత పాటే పెట్టాను, దెబ్బతో ఉన్నది. ఆ పిల్ల జీన్స్ మీద అరచెయ్యి ఆనించి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు చూపించాను. అమ్మమ్మతో కలిసి మొదటి దెబ్బ సరిగ్గా వేసింది. రెండోది తొందరపడి ముందే వేసేసి, నాలుక కరుచుకుని, నా వంక చూసింది.

పాట మొదటికి తిప్పాను.

"ఊఁ," అన్నాను, "మళ్ళీ."